‘చెప్పు, చెప్పు’ అంటే మాటలు రావు

సింగరాయకొండలో మా బంధువుల ఇంట్లో రెండున్నరేళ్ల పిల్లాడున్నాడు. ఇంకా మాటలు రాలేదు. గడప తొక్కిన ప్రతివాళ్లూ వాడికి పరీక్ష పెడతారు. ‘అత్త అను. ఇదేంది, చెప్పు.’ వాడు తల్లి కొంగులో దూరతాడు. ‘వాళ్ల నాయనకీ మూడేళ్లకు గానీ రాలేదులే’ అంటారు ఒకరు, ‘వస అరగదీసి నాకించలేదా’ అంటారు ఇంకొకరు. నేనున్న రెండు గంటల్లో వాణ్ని అడిగినవాళ్లే గానీ, వాడితో మాట్లాడినవాళ్లు కనపడలేదు.

మాట ఆలస్యమైతే ముందు పరీక్ష చేయించాల్సింది చెవికి. తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడు కదా అని సరిపెట్టుకోవద్దు. వినికిడి కొంత తగ్గిన పిల్లలు కూడా పెద్ద చప్పుళ్లకు తిరుగుతారు, స, ష లాంటి సన్నటి ధ్వనులే వాళ్లకు అందవు. ఏడాదికి ‘తాతాతా’ లాంటి పలుకులు లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు ‘అమ్మా దా’ అని రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా డాక్టరుకు చూపించాలి. ఆలస్యమైన వాళ్లలో చాలామంది తర్వాత అందుకుంటారు, నిజమే. అందుకోలేని వాళ్లెవరో ముందుగా తెలియకపోవడమే చిక్కు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీకి ఏటా రెండుసార్లు రావాలి. ఎప్పుడొస్తారో టీచరమ్మను అడగండి.

ఇక మాటలు రప్పించే స్పీచ్ థెరపీ. బస్సెక్కి ఒంగోలో నెల్లూరో పోయి వారానికి రెండుసార్లు కూర్చోబెట్టినా అంతా కలిపి గంటన్నర. పిల్లాడు మేలుకునుండేది వారానికి 80 గంటలకు పైనే. ఆ గంటలన్నీ ఇంట్లోనే గడుస్తాయి. అందుకే ఇంట్లో వాళ్లు ఏం చేస్తున్నారన్నదే నాకు అసలు ప్రశ్న.

స్నానం దగ్గర చెంబు ఎత్తి పట్టుకుని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. పిల్లాడు చూస్తాడు, చెయ్యి ఊపుతాడు, ‘ఊ’ అంటాడు. వెంటనే ‘పొయ్! నీళ్లు పొయ్!’ అంటూ పోయండి. మళ్లీ ఆగండి. అడక్కముందే అన్నీ అందిస్తే పిల్లాడికి నోరు తెరిచే అవసరమే రాదు. అట్టాగని ‘చెప్తేనే ఇస్తా’ అని ఏడిపించనూ కూడదు. వేలు చూపించడం, తలూపడం కూడా మాటలే. సైగలకు అలవాటు పడి మాట్లాడడన్నది అపోహ.

‘కాకి’ని ‘తాతి’ అంటే ‘తప్పు, మళ్లీ అను’ అనొద్దు. ‘ఆఁ, కాకి! కాకి ఎగిరిపోయింది’ అంటే చాలు, సరైన మాట చెవిన పడుతుంది. నత్తి ఉన్న పిల్లల విషయంలో ఇంకా ఓపిక కావాలి. మాట మధ్యలో అందుకుని మీరు పూర్తి చేయొద్దు.

నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. స్కూల్లో వెనకబడతాడని తెలుగు మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లిషులో పిల్లాడితో మాట్లాడే తల్లిదండ్రులు. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మనకు తడుముకోకుండా వచ్చే భాషలోనే పిల్లాడికి ఎక్కువ మాటలు అందుతాయి. సెల్‌ఫోన్‌లో రైమ్స్ ఎన్ని పెట్టినా ఆ ఫోను వాడి ‘ఊ’కి బదులు చెప్పదు.

ఇంకొక్క మాట. థెరపీకి వెళ్లేటప్పుడు నాయనమ్మనూ వెంట తీసుకెళ్లండి. మీరు పనికి పోయాక పగలంతా పిల్లాడితో ఉండేది ఆమే.