నర్సుల రీవాలిడేషన్: ఆ ఫార్వర్డ్ మెసేజ్‌ను నమ్మకండి

బ్రిటన్‌లో పనిచేసే మన తెలుగు నర్సుల వాట్సాప్ గ్రూపుల్లో రీవాలిడేషన్ గురించి, అంటే నర్సు రిజిస్ట్రేషన్‌ను మూడేళ్లకోసారి నిలబెట్టుకునే పద్ధతి గురించి, ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "రీవాలిడేషన్ అంతా కాగితాల తంతు. 35 గంటల సీపీడీకి (ఉద్యోగంలో ఉంటూ కొత్తగా నేర్చుకోవడం) ఆన్‌లైన్ వీడియోలు పెట్టేసి సర్టిఫికెట్లు దించుకోండి. రిఫ్లెక్షన్లు (మన అనుభవం నుంచి ఏం నేర్చుకున్నామో రాసేవి) ముందు చేసినవాళ్లవి తీసుకోండి, ఎవరూ చదవరు. సంతకం మాత్రం వార్డు మేనేజర్‌దే కావాలి, ఆవిడ కాదంటే అంతే. మెటర్నిటీ లీవ్ పెట్టినా, ఊరెళ్లి ఆర్నెల్లు ఉన్నా మళ్లీ ఓఎస్‌సీఈ (ఇక్కడ రిజిస్టర్ కావడానికి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) రాయాల్సిందే. డేట్ దాటితే భయం లేదు, తర్వాత చేసుకోవచ్చు."

నేను రెండుసార్లు రీవాలిడేషన్ చేశాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఫారాలు నింపడంలో సాయం చేస్తుంటాను. ఈ మెసేజ్ చదివి ఒకమ్మాయి డ్యూటీ మధ్యలో కళ్లనీళ్లు పెట్టుకుంది. అదే మెసేజ్ చదివి ఇంకొకామె నిశ్చింతగా కూర్చుంది, ఆమె గడువు రెండు నెలల్లో ఉంది. భయపడనక్కర్లేని చోట భయపెట్టి, జాగ్రత్తపడాల్సిన చోట నిద్రపుచ్చుతోంది కాబట్టే ఒక్కొక్కటిగా జవాబు చెప్పాలనిపించింది.

ముందు నిబంధన ఏమిటో చూద్దాం. ఇక్కడ ఎన్‌ఎంసీ అంటే మన దేశంలో డాక్టర్లకు ఉన్న కమిషన్ కాదు, బ్రిటన్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్. 2016 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. మూడేళ్లకోసారి 450 గంటల ప్రాక్టీసు, 35 గంటల సీపీడీ, అయిదు ఫీడ్‌బ్యాక్‌లు, అయిదు రాతపూర్వక రిఫ్లెక్షన్లు, మరో రిజిస్టర్డ్ నర్సుతో చర్చ, చివర ఇవన్నీ పూర్తిచేశామని ఒకరు చూసి ధ్రువీకరించే కన్ఫర్మేషన్ ఉండాలి. వీటితోపాటు ఆరోగ్యం, ప్రవర్తన, ఇండెమ్నిటీల (పనిలో పొరపాటు జరిగితే నష్టపరిహారానికి ఉండే రక్షణ) గురించి డిక్లరేషన్లు ఇవ్వాలి.

"35 గంటలూ వీడియోలతో సరిపెట్టొచ్చు"

సరిపెట్టలేం. ఆ 35లో కనీసం 20 గంటలు పార్టిసిపేటరీ అయి ఉండాలి, అంటే ఇంకొక ప్రొఫెషనల్‌తో మాట్లాడుతూ, చర్చిస్తూ నేర్చుకున్నవి. ఒంటరిగా కూర్చుని చూసిన వీడియోలు 35 గంటలున్నా మీకు ఇంకా 20 గంటలు తక్కువే. అలాగని ఆన్‌లైన్ పనికిరాదని కాదు. అందరూ ఒకే గదిలో ఉండాలన్న నియమం లేదు, కాబట్టి ప్రశ్నలూ చర్చా ఉన్న లైవ్ సెషన్ పార్టిసిపేటరీ కిందికే వస్తుంది. ఫైర్ సేఫ్టీ లాంటి, మన ప్రాక్టీసుతో నేరుగా సంబంధంలేని మాండేటరీ ట్రైనింగ్ మాత్రం లెక్కలోకి రాదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

మరి 20 గంటలు ఎక్కడినుంచి వస్తాయి? చాలావరకు మీరు ఇప్పటికే చేస్తున్నారు. పుండ్ల సంరక్షణ గురించి స్పెషలిస్ట్ నర్సు వార్డుకొచ్చి చెప్పిన గంట, లైఫ్ సపోర్ట్ ట్రైనింగ్, కొత్త ఇన్‌ఫ్యూజన్ పంప్ వచ్చినప్పుడు పదిమందీ కూర్చుని నేర్చుకున్న మధ్యాహ్నం, ఒక కష్టమైన కేసు మీద టీమ్‌తో చేసిన చర్చ. మూడేళ్లంటే 36 నెలలు, అంటే సగటున నెలకు గంట కూడా పడదు. మనం చేయనిది రాసిపెట్టుకోవడం ఒక్కటే. తేదీ, ఎన్ని గంటలు, ఏం నేర్చుకున్నాం, అది మన పనికి ఎలా సంబంధం, ఎన్‌ఎంసీ కోడ్‌లో (నర్సుల ప్రవర్తనా నియమావళి) ఏ భాగానికి చెందుతుంది అన్నవి అదే రోజు రాసుకోవాలి. నేను నా లాకర్‌లో ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. మొదటిసారి ఆ పని చేయక, పాత ఈమెయిల్స్ తవ్వి తేదీలు వెతుక్కోవడానికి రెండు వీకాఫ్‌లు పోయాయి.

"రిఫ్లెక్షన్లు కాపీ కొట్టండి, ఎవరూ చదవరు"

మెసేజ్‌లో అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఇందులో కొంత నిజముంది. మన ఫైలంతా ఎన్‌ఎంసీకి అప్‌లోడ్ చేయమని అడగరు, ఆన్‌లైన్‌లో డిక్లరేషన్ ఇస్తే చాలు. కానీ ఏటా కొందరిని వెరిఫికేషన్‌కు ఎంచుకుని వివరాలు అడుగుతారు. అంతకన్నా ముందే ఆ అయిదు రిఫ్లెక్షన్ల గురించి మీరు మరో నర్సు ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. మీది కాని అనుభవం గురించి ఆమె రెండో ప్రశ్న వేస్తే ఏం చెబుతారు? తప్పుడు డిక్లరేషన్ ఇచ్చారని తేలితే విషయం మన నిజాయితీ మీదికి వెళ్తుంది. అది ఫిట్‌నెస్ టు ప్రాక్టీస్ కేసు, అంటే నర్సుగా కొనసాగడానికి తగినవారా అన్న విచారణ అవుతుంది, రిజిస్టర్ నుంచి పేరు తీసేసేదాకా పోవచ్చు. గంటలు తగ్గిన నర్సుకు దారి ఉంటుంది. అబద్ధం చెప్పిన నర్సును కాపాడటం చాలా కష్టం.

ఇంగ్లీషు బాగా రాయలేమన్న సంకోచం వల్లే చాలామంది కాపీ వైపు వెళ్తున్నారని నాకు తెలుసు. వ్యాసం రాయనక్కర్లేదు. నా మొదటి రిఫ్లెక్షన్ దేని గురించో చెబుతాను. ఒక పెద్దాయన డిశ్చార్జ్ అవుతుంటే మందులన్నీ వివరంగా చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. సాయంత్రం కూతురు వచ్చి, "మా నాన్నకు మీరు చెప్పింది ఒక్క ముక్క వినపడలేదు, ఆయన హియరింగ్ ఎయిడ్ సొరుగులో ఉంది" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి మందులు చెప్పేముందు చెవి మిషన్ పెట్టుకున్నారా అని చూస్తాను, చెప్పాక పేషెంట్ చేతే తిరిగి చెప్పించుకుంటాను. ఏం జరిగింది, ఏం నేర్చుకున్నాను, ఏం మార్చుకున్నాను అని మామూలు ఇంగ్లీషులో పది పన్నెండు వాక్యాలు రాశాను. ఆ కూతురి మాటే నాకు ఒక ఫీడ్‌బ్యాక్ కూడా అయింది. నోటిమాటగా వచ్చిన ఫీడ్‌బ్యాక్ కూడా చెల్లుతుంది, ఫిర్యాదు కూడా చెల్లుతుంది. పేషెంట్ పేరు గానీ, ఫలానా మనిషని గుర్తుపట్టే వివరాలు గానీ రాయకూడదు, అంతే.

"వార్డు మేనేజర్ కాదంటే అంతే"

ఇక్కడ రెండు వేర్వేరు పాత్రల్ని కలిపేశారు. రిఫ్లెక్టివ్ చర్చ ఎన్‌ఎంసీ రిజిస్టర్‌లో ఉన్న ఎవరితోనైనా చేయొచ్చు, మీ ఫ్రెండ్ అయినా సరే, పక్క హాస్పిటల్ ఆమె అయినా సరే. కన్ఫర్మేషన్‌కు మామూలుగా లైన్ మేనేజర్ దగ్గరకు వెళ్తాం. లైన్ మేనేజర్ లేనివాళ్లు మరో రిజిస్టర్డ్ నర్సును అడగొచ్చు. కన్ఫర్మర్ చూసేది మీరు అన్నీ పూర్తిచేశారా లేదా అనే. మీరు మంచి నర్సా కాదా అని తీర్పు చెప్పడం ఆవిడ పని కాదు.

"లీవ్ పెడితే మళ్లీ ఓఎస్‌సీఈ"

లెక్క వేసి చూడండి. వారానికి 37.5 గంటల ఫుల్‌టైమ్ ఉద్యోగంలో 450 గంటలు 12 వారాల్లో పూర్తవుతాయి. మూడేళ్లలో ఏడాది మెటర్నిటీ లీవ్‌లో ఉన్నా బోలెడు సమయం మిగులుతుంది. ఆ గంటలన్నీ బెడ్ పక్కనే ఉండాలని కూడా లేదు, నర్సుగా మన చదువు, అనుభవం మీద ఆధారపడి చేసే టీచింగ్, మేనేజ్‌మెంట్ పని కూడా లెక్కే. ఊరెళ్లి, అక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌తో నర్సుగా పనిచేస్తే ఆ గంటలూ చెల్లుతాయి. నిజంగానే 450 చేరనివాళ్లకు మాత్రం మళ్లీ పనిలోకి రావడానికి చేసే రిటర్న్ టు ప్రాక్టీస్ కోర్సు లేదా పరీక్ష అన్న మాట వస్తుంది. బిడ్డ పుట్టాక ఆర్నెల్లు ఇంట్లో ఉన్న తల్లికి ఈ భయం పెట్టడం అన్యాయం.

"డేట్ దాటినా తర్వాత చేసుకోవచ్చు"

గడువులోపు అప్లికేషన్ పంపకపోతే రిజిస్ట్రేషన్ ల్యాప్స్ అవుతుంది. ఆ రోజునుంచి నర్సుగా డ్యూటీ చేయడం చట్టరీత్యా కుదరదు. మళ్లీ రిజిస్టర్‌లోకి రావాలంటే రీఅడ్మిషన్‌కు పెట్టుకోవాలి, దానికి వారాలు పడుతుంది. స్పాన్సర్‌షిప్ వీసా మీద కుటుంబాన్ని తెచ్చుకున్నవాళ్లకు ఆ వారాలు ఎంత టెన్షనో వేరే చెప్పాలా? జబ్బు వల్లో మరే కష్టం వల్లో గడువుకు చేయలేమనిపిస్తే, డేట్ రాకముందే ఎన్‌ఎంసీకి ఫోన్ చేసి చెప్పండి.

అప్లికేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. గుర్తుచేస్తూ వాళ్లు ఈమెయిల్ పంపుతారు, కానీ మీరు మార్చుకోకపోతే అది రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చిన ఈమెయిల్‌కే పోతుంది. ఇండియాలో ఏజెన్సీ వాళ్లు తెరిచిపెట్టిన ఆ పాత ఐడీ పాస్‌వర్డ్ చాలామందికి గుర్తుండదు. ఈ రాత్రే ఎన్‌ఎంసీ ఆన్‌లైన్ అకౌంట్‌లోకి వెళ్లి మీ ఈమెయిల్, అడ్రస్ సరిచూసుకోండి. రీవాలిడేషన్ డేట్ అక్కడే కనిపిస్తుంది, ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి.