రెండూ మూడూ ఇరవైమూడు

మొన్న ఆదివారం మా పదేళ్ల అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని "నాన్నా, రెండుకి మూడు కలిపితే ఇరవైమూడంట!" అని ఒకటే నవ్వు. బ్రౌజర్‌లో సొంత కాలిక్యులేటర్ చేస్తానని నోట్‌ప్యాడ్ తెరిచింది లెండి, రెండు పెట్టెలు, ఒక బటన్, అంతే. పెట్టెలో మనం కొట్టింది జావాస్క్రిప్ట్ అనే కంప్యూటర్ భాషకి అంకె కాదు, అక్షరాల కిందే లెక్క, మధ్యలో ప్లస్ పెడితే పక్కపక్కన అంటించేస్తుంది. అదే మైనస్ పెట్టి చూడండి, 5లోంచి 3 తీసి బుద్ధిగా 2 అంటుంది! ఇదేం న్యాయం అంది. 1995లో బ్రెండన్ ఐక్ అనే ఆయన పది రోజుల్లో మొదటి రూపం రాసేసిన భాషమ్మా, రేపు సబ్‌మిట్ చెయ్యాల్సిన ప్రాజెక్ట్ ఈ రాత్రి చేస్తే ఎలా ఉంటుందో నీకు తెలీదా అన్నా.

తర్వాత దానికి ఇంకో సరదా పుట్టింది, బటన్ల మీద తెలుగు అంకెలు పెడతానంది. సిగ్గు విడిచి చెప్తున్నా, ౬ ఏదో ౭ ఏదో నాకే ఒక్క క్షణం పట్టింది, చిన్నప్పుడు నేర్చుకున్నాం గానీ వాడిందెప్పుడు? పెట్టింది, నొక్కింది, వాటిని అంకెలుగా మార్చి లెక్కించమంటే తెరమీద "నాన్" అని వచ్చింది. అంటే నాట్ ఎ నంబర్. "నాన్ అంటే రొట్టె కదా" అని మళ్లీ నవ్వు. ౩ అని ఇస్తే జావాస్క్రిప్ట్ దాన్ని అంకెగా ఒప్పుకోదు మరి, బటన్ మొహం మీద ౩ ఉంచి లోపల 3 పంపాలి. అలా పదింటికీ ఒక్కోటే జత రాసుకుంటూ కూర్చుంది, అరగంటలో పది అంకెలూ వచ్చేశాయి. కాపీ పుస్తకంలో నేను రెండు నెలలు రాయించినా రానివి!

అందుకే అంటున్నా, మన వీకెండ్ తెలుగు బడిలో నెలకో గంట దీనికిస్తే ఏం పోతుంది? పద్యాలు, స్టేజీ డాన్సులు ఎలాగూ ఉన్నాయి. ఏఐని అడిగితే నిమిషంలో చేసిస్తుంది కదా అన్నారొకరు. ఇస్తుందండీ, కానీ దాన్లో ఇరవైమూడు రాదు, రొట్టె రాదు, 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 ఎందుకొచ్చిందని పిల్ల నన్ను నిలదియ్యదు. దానికి జవాబు చెప్పడానికి మూడోవంతుని దశాంశాల్లో రాయించా, 0.333 అని రాస్తూ రాస్తూ విసుగొచ్చి ఆపేసింది, కంప్యూటర్‌కి 0, 1 అనే రెండే అంకెలతో చేసే దాని లెక్కలో 0.1తో అదే తంటా అన్నా.

మీ ఇంట్లో పాత లాప్‌టాప్ ఏదైనా మూల పడుంటే వచ్చే ఆదివారం పట్టుకురండి. నెట్ కూడా అక్కర్లేదు, ఛార్జర్ మాత్రం మర్చిపోకండి.