ఆ సీడీ ఎవరు చూశారు?

గుజరాత్‌లోని మెహసాణా జిల్లా బోరిసణా గ్రామంలో 2024 నవంబరులో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. గుండె పరీక్షలంటూ 19 మందిని అహ్మదాబాద్‌లోని ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఏడుగురికి స్టెంట్లు, అంటే సన్నబడిన గుండె నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టాలు, వేశారు. ఇద్దరు శవాలై ఊరికి తిరిగొచ్చారు. మాటమాత్రమైనా తమకు చెప్పలేదని ఇంట్లోవాళ్లు గగ్గోలు పెట్టారు. తర్వాత అరెస్టులు, ఆయుష్మాన్ భారత్ నుంచి ఆ ఆస్పత్రి తొలగింపు చకచకా జరిగిపోయాయి.

మేం అడిగేది ఒక్కటే. స్టెంట్ వేయకముందు ఆ యాంజియోగ్రామ్ సీడీలను బయటి డాక్టర్ ఎవరైనా చూశారా?

రంగు మందు ఎక్కించి తీసే ఆ వీడియోలో రక్తనాళం నల్లటి తీగలా సాగుతుంది. ఎక్కడ సన్నబడిందో తెలిసినవాళ్లకు ఇట్టే దొరుకుతుంది. సాధారణంగా 70 శాతం మూసుకుపోతేనే పెద్ద పూడిక కింద లెక్క. అంత ఉన్నా అందరికీ స్టెంట్ అక్కర్లేదు. గుండెపోటు వచ్చినవాడికి అది ప్రాణం పోస్తుంది, నిమిషాలు లెక్కపెట్టుకుని వేయాల్సిందే. నిలకడగా ఉన్న రోగికి మాత్రం నొప్పి తగ్గిస్తుందేమోగానీ, మందులను మించి ఆయుష్షు పెంచదని 2007లో కరేజ్, 2020లో ఇస్కీమియా అధ్యయనాలు తేల్చాయి. మరి శిబిరానికి నడిచొచ్చిన మనిషిని హడావుడిగా టేబుల్ ఎక్కించాల్సినంత అవసరం ఏమొచ్చింది?

కొందరి పాపానికి గుండె డాక్టర్లందర్నీ అనుమానిస్తే, నిజంగా ఆపదలో ఉన్నవాళ్లే ఆస్పత్రికి రావడానికి జంకుతారని వైద్యులు అంటున్నారు. కాదనం. కానీ అర్ధరాత్రి లేచొచ్చి నాళం తెరిచే డాక్టర్ పరువు నిలబెట్టేది కూడా ఆ సీడీయే.

ఇది ఎక్కడో గుజరాత్ గొడవ అనుకోవద్దు. సర్కారు సొమ్ముతో పేదలకు కార్పొరేట్ వైద్యం మనకు 2007లో ఆరోగ్యశ్రీతోనే మొదలైంది. చికిత్సకు ముందు ఆస్పత్రి పథకం నుంచి అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఉంది. అత్యవసరమంటే ఫోన్‌లోనే ఆ అనుమతి దొరుకుతుంది. గుండెపోటు రోగికి ఆ వెసులుబాటు ఉండాల్సిందే. శిబిరం నుంచి బస్సులో తెచ్చిన వాళ్లకు ఎందుకు? వాళ్ల సీడీలు ముందుగా ప్రభుత్వ బోధనాస్పత్రి కార్డియాలజిస్టు చూడాలి, ఆయన సంతకం పడ్డాకే స్టెంట్.

బోరిసణాలో ఇద్దరు చనిపోబట్టి దర్యాప్తు జరిగింది. అక్కర్లేని స్టెంట్ వేయించుకుని, బతికి, నెలల తరబడి రక్తం పలచబరిచే మాత్రలు మింగుతున్నవాళ్ల సీడీలు ఏ బీరువాలో మూలుగుతున్నాయి? శిబిరాల నుంచి తెచ్చి స్టెంట్ వేసిన వాళ్లలో ఎందరి సీడీలు బయటివాళ్లతో చూపించారో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య మంత్రులు లెక్క చెప్పాలి. అది చెప్పేదాకా ఏ గుండె శిబిరానికీ రిబ్బన్ కత్తిరించడానికి వెళ్లొద్దు.