పంచాంగంలో వ్యయం విన్నాం, మీటరు మాట వినలేమా?

మన సంఘం ఉగాది సభలో ఇంటి కరెంటు ఖర్చు గురించి మాట్లాడటానికి నాకు ఇస్తామన్న పది నిమిషాలు సన్మానాల్లో కలిసిపోయాయి. దానికి నాకేం బాధ లేదు. మనసు కష్టపెట్టింది మైకులో వినిపించిన ఒక్క మాట: "పండగ పూట కరెంటు బిల్లుల గోలేంటమ్మా, మనం అంత లేనివాళ్ళమా?" హాలంతా చప్పట్లు. ముందు వరుసలో పెద్దవాళ్ళేమో ఏసీ చలికి చెంగులు, కండువాలు భుజాల నిండా కప్పుకుని కూర్చున్నారు. అంతకు గంట ముందే పంచాంగ శ్రవణంలో ఏ రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం అని అందరం చెవులు రిక్కించి విన్నాం.

ఆ రోజు చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వేసవిలో చెన్నై పెరంబూరులోని మా ఇంటి బిల్లు 500 యూనిట్లు దాటింది. ఇక్కడ రెండు నెలలకోసారి రీడింగు, మొదటి 100 యూనిట్లు ఉచితం. అయితే 500 దాటిన ఇంటికి కింది శ్లాబులో ఉండే తక్కువ రేటు కూడా పోతుంది. మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ప్లగ్గుకు తగిలించే చిన్న వాట్ మీటరు తెచ్చి, "అత్తా, ఇల్లంతా చూసేద్దాం" అన్నాడు. దీన్ని కరెంటు ఆడిట్ అంటారు. పెద్ద మాటలా ఉంటుంది కానీ, ఏ వస్తువు ఎంత తింటోందో చూసి నోటుబుక్కులో రాసుకోవడమే.

పాత ఫ్యాన్ 75 వాట్లు. రోజుకు 14 గంటలు తిరిగితే రెండు నెలలకు 63 యూనిట్లు. అదే గాలికి తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం 30 వాట్ల ఫ్యాన్ అయితే 25 యూనిట్లతో సరిపోతుంది. టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు కారుతుంటే మోటారు రోజూ అదనంగా వేయాల్సి వస్తోందని కూడా అప్పుడే తెలిసింది.

అసలు సంగతి మా అత్తయ్య ఫ్రిజ్. మామయ్య పోయాక నెల్లూరు నుంచి తనతో తెచ్చుకున్న ఒకే ఒక్క పెద్ద వస్తువు అది. వంటింట్లో కొత్తది ఉన్నా, వరండాలో ఇదీ నడుస్తూనే ఉంది. లోపల ఇడ్లీ పిండి, మల్లెపూల పొట్లం, రెండు నిమ్మకాయలు. మీటరు ఒక రోజంతా పెడితే 2.4 యూనిట్లు చూపించింది. రెండు నెలలకు 144. ఉచితంగా వచ్చే 100 యూనిట్లూ దీనికే చాలడం లేదన్నమాట! పిల్లాడు తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగాడు. పట్టే లేదు, జారి వచ్చేసింది. తలుపు రబ్బరు గట్టిపడి, లోపలి చల్లదనమంతా వరండాలోకి పోతోంది.

అత్తయ్య ఆ నోటు వంక చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు.

నెల్లూరులో మా అమ్మమ్మ వట్టివేళ్ళ తడికెల మీద నీళ్ళు చల్లేది, సాయంత్రం మిద్దె తడిపి పక్కలు వేయించేది. గదిలోంచి బయటికొస్తే లైటు తీశామా లేదా అని వెనక్కి తిరిగి చూసుకునేలా పెంచింది. చెన్నై ఉక్కలో తడికెలు అంతగా పనిచేయవు, గాలిలోనే తేమ ఎక్కువ. మే నెల కత్తిరి ఎండల్లో ఏసీ లేకుండా ఉండమని నేనెవరికీ చెప్పను. కానీ 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం ఎక్కడ నేర్చుకున్నాం? ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల సెట్టింగుతోనే వస్తున్నాయి. రిమోటు తీసుకుని తగ్గిస్తున్నది మనమే. అమ్మమ్మ చేసినదాన్ని పిసినారితనం అంటే నేను ఒప్పుకోను. ఆవిడ ఇంట్లో ఎవరికీ ఏ లోటూ చేయలేదు.

కమిటీ పెద్దలకు నా విన్నపం. కార్తీక వనభోజనాల లోపు సంఘం తరఫున నాలుగు వాట్ మీటర్లు కొనండి. యువజన విభాగంలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఉన్నారు, ఆదివారాలు ఇద్దరిద్దరుగా సభ్యుల ఇళ్ళకు పంపండి. పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళ ఇళ్ళకు ముందు వెళ్ళనివ్వండి. బిల్లు ఎందుకు పెరిగిందో అడగడానికి వాళ్ళకు పక్కన ఎవరూ ఉండరు.

సంఘం కొనేదాకా మా ఇంటి మీటరు ఉంది, ఎవరైనా వారం రోజులు తీసుకెళ్ళవచ్చు. అత్తయ్య ఫ్రిజ్ ఇంకా వరండాలోనే ఉంది. ప్లగ్ తనే తీసేసింది. ఇప్పుడు అందులో వడియాల డబ్బాలు పెట్టుకుంటోంది.