సీట్లు నింపిన రోజే రాసేసిన తీర్పు

అమెరికా సుప్రీంకోర్టు 2022 జూన్ 24, శుక్రవారం ఇచ్చిన తీర్పు చూసి ఆశ్చర్యపడాల్సింది ఏమీ లేదు, భయపడాల్సింది మాత్రం చాలా ఉంది. 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పును కొట్టేసి, దాదాపు 50 ఏళ్లుగా ఆ దేశపు ఆడవాళ్లకున్న అబార్షన్ హక్కును అయిదుగురు జడ్జీలు ఊడలాగేశారు. ఆ అయిదుగురిలో ముగ్గురు ట్రంప్ వేసినవాళ్లే. అబార్షన్‌ను వ్యతిరేకించేవాళ్లనే జడ్జీలుగా వేస్తాను, అప్పుడు రో తీర్పు దానంతటదే పోతుందని 2016 అక్టోబరులో హిల్లరీ క్లింటన్‌తో ఆఖరి డిబేట్‌లో ఆయన బాహాటంగానే చెప్పారు. చెప్పి చేశారు. నాలుక మడతేసింది, అధ్యక్షుడు పంపిన జడ్జి పేరుకు ఆమోదం ఇవ్వాల్సిన సెనేట్.

2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు జడ్జి స్కాలియా చనిపోయినప్పుడు ఎన్నికలకు ఇంకా ఎనిమిది నెలలకు పైగా టైముంది. అప్పటి డెమొక్రాట్ అధ్యక్షుడు ఒబామా ఆ సీటుకు మెరిక్ గార్లండ్ పేరు పంపితే సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెక్‌కానెల్ కనీసం హియరింగ్ (సెనేటర్లు ఆయన్ని ప్రశ్నించే విచారణ) కూడా పెట్టనివ్వలేదు. ఎన్నికల ఏడాది కదా, ప్రజలే తేల్చాలన్నారు. సరే, అదే రూలు అనుకుందాం. 2020 సెప్టెంబరు 18న జస్టిస్ గిన్స్‌బర్గ్ చనిపోయారు, అప్పటికి ఎన్నికలు ఏడు వారాల్లోపే ఉన్నాయి, కొన్ని రాష్ట్రాల్లో ముందస్తు పోలింగ్ మొదలైపోయింది కూడా. ఆమె పోయిన ఆ రాత్రే, ట్రంప్ పంపే పేరు మీద ఓటింగ్ పెడతామని అదే మెక్‌కానెల్ ప్రకటించారు. పోలింగ్‌కు ఎనిమిది రోజుల ముందు 52-48 ఓట్లతో ఏమీ కోనీ బారెట్ జడ్జి అయిపోయారు. ఎన్నికల ఏడాదిలో రిపబ్లికన్ అధ్యక్షుడున్నా ఇదే రూలు, కావాలంటే నా మాటలే నా మీద వాడండని 2016లో చెప్పిన రిపబ్లికన్ సెనేటర్ లిండ్సీ గ్రాహమే బారెట్ హియరింగ్‌కు చైర్మన్‌గా కూర్చున్నారు. ఇంతకీ రూలు ఏది? అవతలివాళ్ల సీటైతే ఒక రూలు, మనదైతే ఇంకొకటా?

జడ్జీలదీ అదే వరస. రో ఈ దేశపు చట్టమని, దాన్ని అంగీకరిస్తున్నానని 2017లో ట్రంప్ వేసిన జడ్జి గోర్సచ్ తన హియరింగ్‌లో సెనేటర్లకు చెప్పారు. ఎన్నోసార్లు బలపరిచిన ముఖ్యమైన తీర్పు అని 2018లో ట్రంప్ వేసిన మరో జడ్జి కవనా చెప్పారు. సీటు దక్కేదాకా పాత తీర్పుకు గౌరవం, దక్కాక దానికి దిక్కులేదు. గురువారం తుపాకుల కేసులో న్యూయార్క్ రాష్ట్రం పెట్టిన ఆంక్షలు చెల్లవన్న కోర్టే, తెల్లారేసరికి అబార్షన్ సంగతి రాష్ట్రాలే చూసుకోవాలంది. మళ్లీ రెండు రూళ్లు.

రో తీర్పులో తర్కం బలహీనమని, ప్రజలు ఎన్నుకున్న చట్టసభలే దీన్ని తేల్చాలని వాదించేవాళ్లున్నారు. కింది కోర్టుల జడ్జీల నియామకాలకు సెనేట్‌లో 60 ఓట్లు కావాలన్న నిబంధనను 2013లో తీసేసింది డెమొక్రాట్లేనన్నదీ నిజమే. కానీ చట్టసభలే తేల్చాలన్న వాదన మీద నమ్మకమున్నవాళ్లు హియరింగ్‌లోనే ఆ ముక్క చెప్పి ఓట్లడగాల్సింది.

టెక్సస్‌లో తీర్పు వచ్చిన గంటల్లోనే క్లినిక్కులు అపాయింట్‌మెంట్లు రద్దు చేశాయి. అక్కడ ఆరు వారాలు దాటాక అబార్షన్‌కు సాయపడ్డవాళ్ల మీద, చివరికి క్లినిక్‌కు కారులో దించినవాళ్ల మీద కూడా, ఎవరైనా కేసు వేసి కనీసం 10,000 డాలర్లు రాబట్టుకునే చట్టం 2021 సెప్టెంబరు నుంచే ఉంది. 2022 ఆగస్టులో డాక్టర్లకు జీవితఖైదు దాకా శిక్ష వేసే చట్టం కూడా అమల్లోకి వచ్చింది, అందులో అత్యాచారానికీ మినహాయింపు లేదు. డాలస్, హ్యూస్టన్‌లలో మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. అక్కడ కడుపుతో ఉన్న కూతురికి రక్తస్రావం మొదలైతే డాక్టరు ముందు పేషెంట్‌ను చూస్తాడా, చట్టాన్ని చూస్తాడా? ఈ టెన్షన్ ఊహ కాదు. 2012లో ఐర్లాండ్‌లో, గర్భం నిలవదని తెలిసి కూడా పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంతో అబార్షన్ చేయకపోతే, కర్ణాటక నుంచి వెళ్లిన దంత వైద్యురాలు ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి చనిపోయింది. ఆరేళ్లకు ఆ దేశం రెఫరెండం పెట్టి రాజ్యాంగమే మార్చుకుంది.

మన పార్లమెంటు 1971లోనే అబార్షన్‌కు చట్టం చేసింది, లోపాలెన్ని ఉన్నా అది చట్టం. అమెరికా కాంగ్రెస్‌కు ఇన్నేళ్లలో ఆ పని చేతకాలేదు. జడ్జీలున్నారులే అన్న ధీమాతో డెమొక్రాట్లు నిమ్మకు నీరెత్తినట్లు కూర్చున్నారు.

తీర్పు వచ్చాక రిపబ్లికన్ సెనేటర్ సుసాన్ కాలిన్స్, అప్పటి డెమొక్రాట్ సెనేటర్ జో మాంచిన్ తాము నమ్మి మోసపోయామన్నారు. గోర్సచ్‌కూ కవనాకూ ఓటేసింది వీళ్లే. ట్రంప్ ఎలాంటి జడ్జీలను వేస్తానన్నారో దేశమంతా టీవీలో విన్నాక, వీళ్లిద్దరికే తెలియలేదంటే ఎలా నమ్మాలి? తీర్పుకు ముందే దాని ముసాయిదా లీకై ఏం జరగబోతోందో అందరికీ తెలిసిపోయాక, 2022 మే 11న అబార్షన్ హక్కును చట్టంగా చేసే బిల్లు సెనేట్‌లో 49-51తో ఆగిపోయింది. ఆ 51లో వీళ్లిద్దరి ఓట్లూ ఉన్నాయి. బిల్లు మరీ దూరం పోయిందన్నారు. నిజంగా మోసపోయామన్న బాధే ఉంటే మొహమాటం లేకుండా పార్టీలను పక్కనపెట్టి, సెనేట్‌లో గెలిచే బిల్లు తెచ్చి ఓటేయాల్సింది. అది చేతకాకపోతే ఆ ప్రకటనలైనా ఆపాల్సింది.