వావి వరసలు లేని బొమ్మలు

మనిషికీ మనిషికీ మధ్య ఒక వరస ఉండాలి. పక్కింటావిడనైనా పిన్నిగారూ అని పిలిచి, ఆ తరువాతే కప్పు పంచదార అడిగే జాతి మనది. ఎవరైనా ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరికొకరు ఏమవుతారో వీధివారికి చెప్పకపోతే ఆ పూట మనకు అన్నం సయించదు. ఈ కోణంలో చూస్తే జపాన్‌వారి బొమ్మల సినిమాలు, ధారావాహికలు, అంటే అనిమే, అంత బాధ్యత లేని కళ మరొకటి కనిపించదు. ఇద్దరు ఆడపిల్లలు ఒకరినొకరు చూసుకుంటారు, చెర్రీ పూలు రాలుతాయి, వెనకనుంచి పియానో వినిపిస్తుంది. వాళ్లది ఏ వరసో చెప్పే పెద్దమనిషి మాత్రం తెరమీద ఒక్కడూ ఉండడు. ఆ లోటును మూడు దశాబ్దాలుగా ఓపికగా పూడుస్తున్న డబ్బింగ్ సంస్థలకు, సంపాదకులకు, నిర్మాతలకు, శాసనకర్తలకు ఇంతవరకు ఎవరూ ఒక శాలువా అయినా కప్పలేదు. ఆ అన్యాయాన్ని సరిదిద్దడమే ఈ వ్యాసం లక్ష్యం.

మొదటి శాలువా సైలర్ మూన్‌ను అమెరికాకు తీసుకెళ్లినవారికి. 1992లో మొదలైన ఈ ధారావాహికలో జోయిసైట్, కుంజైట్ అని ఇద్దరు ప్రతినాయకులు. ఇద్దరూ మగవాళ్లే, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. జోయిసైట్ చనిపోయే ముందు తన మరణం అందంగా ఉండాలని కోరుకుంటే, కుంజైట్ అతని చుట్టూ పూలతోటను మాయతో సృష్టిస్తాడు. 1995లో అమెరికాలో ఈ సన్నివేశం చూసిన పెద్దలకు ఒక చిక్కు వచ్చింది. పూలతోటను చెరిపేయాలంటే బొమ్మలన్నీ మళ్లీ గీయాలి. జోయిసైట్‌ను ఆడమనిషిని చేయాలంటే మైకు ముందు ఒక నటి నిలబడితే చాలు. వాళ్లు పొదుపరులు. జోయిసైట్ ఆడదైపోయింది, పూలతోట నిలిచిపోయింది.

తరువాత 1994లో జపాన్‌లో వచ్చిన మూడో సీజన్ వంతు వచ్చింది. అందులో హరుకా కారు పందేలంటే చెవి కోసుకునే అమ్మాయి, మగవాళ్ల దుస్తులు వేసుకుంటుంది. మిచిరు వయొలిన్ విద్వాంసురాలు. ఎక్కడికి వెళ్లినా జంటగానే వెళతారు, మాటలాడుకుంటే పక్కవాళ్లకు చెమటలు పడతాయి. జపాన్ పిల్లలు అది చూసి, టీవీ కట్టేసి, హోంవర్క్ చేసుకున్నారు. 2000లో ఆంగ్ల డబ్బింగ్ చేసినవారు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హరుకా, మిచిరు కజిన్లని ప్రకటించారు.

ఉద్దేశం మంచిదే. ఆ బృందంలో తెలుగు పెద్దవారు ఒక్కరూ లేకపోవడం వల్లే అసలు చిక్కు వచ్చింది. ఏ వైపు చుట్టరికమో వాళ్లు చెప్పలేదు. పెదనాన్న, చిన్నాన్న పిల్లలా? అయితే అక్కచెల్లెళ్లు, ఫైలు మూసేయవచ్చు. మేనత్త, మేనమామ పిల్లలా? అయితే వదినా మరదళ్లు. వదినా మరదళ్లంటే మన దగ్గర పరాచికాలకు పూర్తి హక్కు ఉన్న వరస. ఒకరినొకరు ఆట పట్టించుకోకపోతేనే ఇంట్లో పెద్దవాళ్లు ఏమైందని ఆరా తీస్తారు. చుట్టరికం అంటగడితే ప్రేమ అనే అనుమానం తొలగిపోతుందని అమెరికావారు నమ్మారు. మన ఇళ్లలో ఆ చుట్టరికం తేలిన మరుక్షణం పంచాంగం తీస్తారు.

పైగా చుట్టరికమైతే అతికించారు గానీ చూపులు కత్తిరించడం మరిచిపోయారు. దాంతో అమెరికా పిల్లలకు ప్రేమించుకునే ఇద్దరు ఆడవాళ్లకు బదులు, ప్రేమించుకునే ఇద్దరు దగ్గరి బంధువులు దొరికారు. వాళ్ల దేశంలో అది ఇంకా పెద్ద అప్రతిష్ట. 2014లో మరో సంస్థ హక్కులు తీసుకుని మళ్లీ డబ్బింగ్ మొదలుపెట్టి, ఆ బంధుత్వాన్ని రద్దు చేసి, జంటను జంటగానే వదిలేసింది. ఇంతకాలం పడ్డ శ్రమ బూడిదలో పోసినట్టయింది.

కార్డ్‌క్యాప్టర్ సాకురా విషయంలో నాకు జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే మీదే ఫిర్యాదు ఉంది. 1998 నుంచి 2000 వరకు పిల్లల కోసమే ప్రసారం చేసిన ఆ కథలో, సాకురా అన్న తోయాకు సహాధ్యాయి యుకితో అంటే ప్రేమ. యుకితో ఉనికే చెరిగిపోయే ప్రమాదం వస్తే, తోయా తన అతీంద్రియ శక్తినంతా అతనికి ధారపోస్తాడు. సాకురా కూడా యుకితోను ఇష్టపడుతుంది, ఆ సంగతి అతనికి చెబుతుంది. అతని మనసులో ఉన్నది తన అన్నేనని తెలిసి కాసేపు ఏడ్చి, అర్థం చేసుకుంటుంది. ఆ పిల్ల ఎవరి మీదా కేసు పెట్టదు, ఊరి పంచాయితీ పెట్టించదు. కనీసం ఒక హెచ్చరిక అయినా తెరమీద వేయకుండా ప్రజా ప్రసార సంస్థ దీన్ని పసిపిల్లలకు చూపించింది. అమెరికా వెర్షన్ వచ్చేసరికి తోయా, యుకితో మంచి స్నేహితులయ్యారు. స్నేహితుడి కోసం శక్తులన్నీ ధారపోసేవాడు నాకు ఇంతవరకు తారసపడలేదు. నా స్నేహితులు ఫోను ఛార్జరు కూడా ఇవ్వరు.

ఇక్కడ సాక్ష్యాధారాల గురించి కొంచెం మాట్లాడుకోవాలి. అనిమేలో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి వానలో ఒకే గొడుగు కింద నడిస్తే అది ప్రేమ. దానికి అప్పీలు లేదు. జపాన్ బడి పిల్లలు నల్లబల్ల మీద గొడుగు బొమ్మ గీసి, కర్రకు చెరో వైపు రెండు పేర్లు రాస్తే చాలు, ఊరంతా ఖాయం చేసుకుంటుంది. ఆ ఇద్దరూ ఆడపిల్లలైనా, ఇద్దరూ మగపిల్లలైనా మాత్రం రుజువుల ప్రమాణం మారుతుంది. అప్పుడు గొడుగు చాలదు. 2015లో క్యోటో యానిమేషన్ తీసిన హిబికే! యూఫోనియంలో, తిరునాళ్లకు వెళదాం రమ్మని ఒక అబ్బాయి కుమికోను పిలుస్తాడు. ఆమె అతన్ని కాదని తోటి విద్యార్థిని రేనా చెయ్యి పట్టుకుంటుంది. ఆ రాత్రి రేనా తెల్లని గౌను వేసుకుని వస్తుంది, ఇద్దరూ ఊరి దీపాలు కనిపించే కొండెక్కుతారు, అక్కడ కలిసి వాద్యాలు వాయిస్తారు. రేనా స్థానంలో ఆ అబ్బాయి ఉండి ఉంటే అభిమానులు శుభలేఖలు అచ్చు వేయించేవారు. ఉన్నది రేనా కాబట్టి దీన్ని సంగీతాభ్యాసం కింద నమోదు చేశారు.

మరి ముద్దు? ముద్దు పెట్టుకున్నా ముద్దు కానక్కరలేదని 2016లో యూరి ఆన్ ఐస్ నిరూపించింది. జపాన్ స్కేటర్ యూరి, అతనికి శిక్షణ ఇచ్చే రష్యా ఛాంపియన్ విక్టర్. ఏడో భాగంలో చైనా పోటీల్లో యూరి ఆట ముగించగానే విక్టర్ మంచు మీదికి పరుగెత్తి, అతన్ని పట్టుకుని, ముఖం మీదికి వంగుతాడు. సరిగ్గా ఆ క్షణంలో విక్టర్ చెయ్యి మనకూ, వాళ్ల పెదవులకూ మధ్యకు వస్తుంది. అనిమే చరిత్రలో అంత బరువు మోసిన చెయ్యి ఇంకొకటి లేదు. ఆ రాత్రినుంచి ప్రపంచవ్యాప్తంగా లక్షణమైన చదువులు చదివినవారు ఆ మోచేతి కోణాన్ని కొలుస్తూ కూర్చున్నారు.

పదో భాగంలో ఇద్దరూ బార్సిలోనా వెళతారు. యూరి రెండు బంగారు ఉంగరాలు కొంటాడు. చర్చి ముందు, లోపలినుంచి బృందగానం వినిపిస్తుండగా, విక్టర్ వేలికి ఒకటి తొడుగుతాడు, విక్టర్ అతని వేలికి ఇంకొకటి తొడుగుతాడు. ఇది అదృష్టం కోసమని యూరి వివరణ. తాయెత్తు లాంటిదన్నమాట. ఆ వివరణను నేను పూర్తిగా నమ్ముతున్నాను. తరువాత హోటల్లో తోటి స్కేటరు ఒకడు వాళ్లకు పెళ్లయిందని అందరికీ చాటి చప్పట్లు కొట్టిస్తాడు. విక్టర్ వెంటనే సవరించి, ఇవి నిశ్చితార్థపు ఉంగరాలు మాత్రమేనని, యూరి స్వర్ణం గెలిస్తే పెళ్లని చెబుతాడు. చివరికి యూరి 0.12 పాయింట్ల తేడాతో రజతంతో సరిపెట్టుకున్నాడు. మన దగ్గర కట్నం దగ్గర తప్పిపోయిన సంబంధాలు విన్నాం, జాతకం దగ్గర తప్పిపోయినవి విన్నాం. దశాంశ బిందువు దగ్గర తప్పిపోయిన సంబంధం బహుశా ఇదొక్కటే. మిగతా కథ చెబుతామని ప్రకటించిన సినిమాను అభిమానులు ఏళ్ల తరబడి ఎదురుచూశాక, 2024 ఏప్రిల్‌లో నిర్మాణం రద్దయిందని చెప్పారు. ముహూర్తం దొరకలేదనుకోవాలి.

సైలర్ మూన్ దర్శకుల్లో ఒకరైన కునిహికో ఇకుహారా 1997లో రెవల్యూషనరీ గర్ల్ ఉతెనా తీశాడు, 1999లో దానికి సినిమా. ఆ సినిమా చివర ఉతెనా ఒక కారుగా మారిపోతుంది, ఆంథీ అనే అమ్మాయి ఆ కారు నడుపుకుంటూ ఆ లోకంనుంచి బయటపడుతుంది. ఇద్దరి మధ్య ముద్దు కూడా ఉంది, ఎవరి చెయ్యీ అడ్డం రాలేదు. దీనికి ఏ వరస పెట్టాలో నేను చాలా ఆలోచించాను. రవాణా శాఖ తప్ప ఎవరూ తేల్చలేరు.

అసలు ఘనకార్యం మాత్రం గండమ్ అనే యుద్ధయంత్రాల ధారావాహికల పరంపరది. 2022 అక్టోబరులో ది విచ్ ఫ్రమ్ మెర్క్యురీ మొదలైంది, ఆదివారం సాయంత్రం 5 గంటలకు, ఇల్లంతా టీవీ ముందు కూర్చునే వేళ. మియోరినే ఒక వ్యాపార సామ్రాజ్యాధిపతి కూతురు. యంత్రాలతో ద్వంద్వయుద్ధంలో గెలిచినవాడే ఆమెకు వరుడని తండ్రి నియమం పెట్టాడు. మన సీతమ్మ లాగే ఈమె కూడా వీర్యశుల్క. బుధగ్రహంనుంచి వచ్చిన సులెత్తా అనే అమాయకురాలు ఆ విల్లు కాస్తా విరిచేసింది. నేను ఆడపిల్లను కదా అని సులెత్తా గింజుకుంటే, మీ ఊరు పాతకాలంలా ఉంది, ఇక్కడ ఇది మామూలే అని మియోరినే కొట్టిపారేస్తుంది. ఇదంతా మొదటి భాగంలోనే. 2023 జులై 2న వచ్చిన ఆఖరి భాగంలో, మూడేళ్లు గడిచాక, ఇద్దరి వేళ్లకూ ఉంగరాలు. ఆడపడుచు పోరు ప్రస్తావన కూడా వస్తుంది.

ఇక్కడితో కథ సుఖాంతమైతే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. అదే నెలలో గండమ్ ఏస్ పత్రికలో ప్రధాన పాత్రకు గొంతు ఇచ్చిన నటి ఇంటర్వ్యూ వచ్చింది. అచ్చు ప్రతిలో ఆ ఇద్దరికీ పెళ్లయిందనే మాట ఉంది. డిజిటల్ ప్రతిలో ఆ మాట మాయమైంది. అభిమానులు రెండూ పక్కపక్కన పెట్టి అడిగారు. జులై 30న అధికారిక వివరణ వెలువడింది: అది సంపాదకుడి ఊహ మాత్రమే, వారి బంధాన్ని ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకోవచ్చు. అంటే ఉంగరం అధికారికం, ఆడపడుచు అధికారికం, పెళ్లి మాత్రం పాఠకుల వ్యక్తిగత అభిప్రాయం. మన రాష్ట్రాల్లో పెళ్లి జరిగినా ఆడపడుచు పోరు తప్పించుకోవాలని చూసే కోడళ్లున్నారు. పెళ్లి జరిగిందో లేదో తేలకుండానే ఆ పోరు భరిస్తున్న మియోరినేకు నా సానుభూతి.

నిర్మాతలను తప్పుపట్టడానికి లేదు. వాళ్లు తమ దేశ చట్టం అడుగుజాడల్లోనే నడిచారు. ఆఖరి భాగానికి సుమారు రెండు వారాల ముందే, 2023 జూన్‌లో, జపాన్ పార్లమెంటు లైంగిక అల్పసంఖ్యాకుల పట్ల అవగాహన పెంచే చట్టం చేసింది. అందులో, ప్రజలందరూ నిశ్చింతగా జీవించేలా జాగ్రత్త వహించాలని ఒక వాక్యం చేర్చారు. ఎవరి నిశ్చింతకు ఎవరివల్ల భంగమో రాయలేదు. 2015లో టోక్యోలోని షిబుయా వార్డు స్వలింగ జంటల భాగస్వామ్యాన్ని గుర్తిస్తూ ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టింది. అది పెళ్లితో సమానమా అంటే, కాదు. 2024 మార్చిలో సపోరో హైకోర్టు స్వలింగ వివాహాలను కాదనడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. దానివల్ల ఆ మరునాడే పెళ్లి చేసుకోవచ్చా అంటే, లేదు.

అయితే వరస కలపడంలో జపాన్‌ను మించినవారు లేరనడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. ఆడపిల్లల మధ్య అనురాగాన్ని 1910లలోనే కథలుగా రాసి, నేటి ఇలాంటి అనిమేలకు పునాది వేసిన రచయిత్రి యోషియా నొబుకో. మొన్మా చియోతో దాదాపు యాభై ఏళ్లు కాపురం చేసింది. పెళ్లికి చట్టం ఒప్పుకోదు, ఆస్తి అప్పగించాలన్నా ఆసుపత్రిలో సంతకం పెట్టాలన్నా ఏదో ఒక చుట్టరికం కావాలి. అందుకని 1957లో ఆమెను దత్తత తీసుకుంది. జపాన్‌లో వయసు వచ్చినవారిని కూడా దత్తత తీసుకోవచ్చు, తనకన్నా పెద్దవారు కాకపోతే చాలు. కాబట్టి జీవితమంతా కలిసి బతికిన ఇద్దరు స్త్రీలు చట్టం దృష్టిలో తల్లీకూతుళ్లయ్యారు, అందరి మర్యాదా నిలబడింది. అమెరికావారు పాపం కజిన్ల దగ్గరే ఆగిపోయారు.

ఈ మహత్తర సంప్రదాయం ఇప్పుడు ప్రమాదంలో పడింది. 2018లో బ్లూమ్ ఇంటు యూ అని ఒకటి వచ్చింది. ప్రేమంటే ఏమిటో తనకు తెలియడం లేదని ఒక అమ్మాయి, నిన్నే ప్రేమిస్తున్నానని ఇంకొక అమ్మాయి, పదమూడు భాగాలూ దాని గురించే తీరిగ్గా మాట్లాడుకుంటారు. 2019లో గివెన్‌లో ఇద్దరు గిటారు కుర్రాళ్లు కచేరీ ముగించి తెర వెనక ముద్దు పెట్టుకున్నారు. మోచెయ్యి లేదు, కెమెరా పక్కకు తిరగలేదు. 2023లో ఐ యామ్ ఇన్ లవ్ విత్ ది విలనెస్‌లో ఒక పాత్ర, నువ్వు ఆడవాళ్లనే ప్రేమిస్తావా అని అడిగితే, అవతలి పాత్ర నదురూ బెదురూ లేకుండా అవునంది. ఇలా అడిగినదానికి సూటిగా జవాబులు చెప్పుకుంటూ పోతే, మోచేతులు కొలిచేవారి బతుకులేం కావాలి?

ఈ పరిస్థితిలో ఆశ ఏదైనా ఉంటే అది మన దగ్గరే ఉంది. జపాన్ బొమ్మలు ఇప్పుడు తెలుగు మాట్లాడుతున్నాయి. 2025లో డీమన్ స్లేయర్ సినిమా మన థియేటర్లలో తెలుగులోనే ఆడింది. రేపో మాపో హరుకా, మిచిరు కూడా దిగుతారు. వరసల విషయంలో మనకున్న సంపద ఆంగ్లానికి ఎక్కడిది? అందుకే డబ్బింగ్ పెద్దలకు నా సూచన ఒకటి. వదినా మరదళ్లంటే పరాచికాల భయం ఉందని పైన చెప్పాను. వియ్యపురాళ్లను చేద్దామంటే వాళ్లకు పెళ్లీడు పిల్లలు ఉండాలి. తోడికోడళ్లను చేయడమే క్షేమం. ఒకే ఇంట్లో ఉన్నా, ఎప్పుడూ కలిసి తిరిగినా, తలుపు వేసుకుని గుసగుసలాడినా అత్తగారి మీద చాడీలనే లోకం అనుకుంటుంది. కాకపోతే తోడికోడళ్లకు ఇద్దరు భర్తలు కావాలి, వాళ్లు అన్నదమ్ములై ఉండాలి, పైన ఒక అత్తగారు కావాలి, వీళ్లందరినీ కొత్తగా గీయించాలి, గొంతులు పెట్టించాలి, ప్రతి భాగంలో వాళ్లు ఎక్కడికి వెళ్లారో చెప్పాలి. ప్రేమికులని ఒక్క ముక్క అంటే పైసా ఖర్చుండదు నిజమే. కానీ డబ్బు మిగులుతుందని ఇంటి పరువు వదులుకునేవాళ్లమా?