థింసాకు వెల కట్టవచ్చా?

అరకు లోయలో ఒక కొండ ఊరు. మేనత్త అక్కడి గిరిజనుల గుంపు నాట్యమైన థింసా బృందానికి పెద్ద. వారాంతాల్లో రిసార్టుల్లో పర్యాటకుల ముందు ఆడిస్తుంది. మేనల్లుడు విశాఖపట్నంలో ఉపాధ్యాయుడు. (పాత్రలు కల్పితం, తగువు మాత్రం కాదు.)

మేనల్లుడు: రాత్రి రిసార్టులో చూశాను అత్తా. చలిమంట చుట్టూ పది నిమిషాల ఆట, ఆపై ఫొటోలు. ఎవడో మధ్యలో దూరి పక్కామె భుజం మీద చెయ్యి వేశాడు. నడుము వెనక చేతులు కలిపి పట్టుకోవాలని కూడా తెలియదు వాడికి.

మేనత్త: చెయ్యి తీయించి, ఎలా పట్టుకోవాలో నేర్పాం. మన పిల్లలకు మాత్రం పుట్టుకతో వచ్చిందా?

మేనల్లుడు: థింసాలో ఆకులు ఏరే ఆట వేరు, పులి నుంచి తప్పించుకునే ఆట వేరు. అక్కడ అన్నీ కలిపి ఒకటే గుండ్రం!

మేనత్త: అమ్మవారి ముందు ఆడే బోడ థింసా అక్కడ ఆడలేదు, ఆడం. పూనకం ఆట కావాలన్నాడు మేనేజరు, డబ్బు ఎక్కువిస్తానన్నాడు. కుదరదన్నాను. ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో నాకు తెలుసు.

మేనల్లుడు: అమ్మడం అనే మాట నువ్వే అన్నావు.

మేనత్త: అన్నాను. కాఫీ అమ్మడం లేదా? 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని బడిలో గొప్పగా చెబుతావు కదా!

మేనల్లుడు: కాఫీ అమ్మకానికే వేసిన పంట. థింసా అలా కాదు. సంకిడి కెల్బార్ మరిచావా? ఒక ఊరివాళ్లు ఇంకో ఊరికి వెళ్లి కలిసి ఆడేవారు, కలిసి తినేవారు. వాళ్లు మనకు చుట్టాలు. ఈ పర్యాటకుడు మనకేమవుతాడు?

మేనత్త: ఊరికి ఊరే వస్తే వండిపెట్టడానికి ఇంట్లో గింజలుండాలి. సామలు, చోళ్లు నిండుగా ఉన్న రోజుల్లో అది సాగింది. డిపో బియ్యంతో పక్క ఊరిని భోజనానికి పిలుస్తావా? మోరి ఊదేవాడు, తుడుము కొట్టేవాడు కూలి మానుకుని రావాలి. నీ జీతం నెలనెలా పడుతుంది. వాళ్లు మాత్రం ఉత్త చేతులతో ఆచారం కాపాడాలి!

(మేనల్లుడికి వెంటనే మాట రాలేదు. నిజానికి అతని వాదంలో పస లేక కాదు. జీతం ఉన్నవాడి నోట రావడమే దానికి చేటు.)

మేనల్లుడు: డబ్బు వద్దనడం లేదు. కానీ ఇప్పటి అమ్మాయిలు ఆ పది నిమిషాల ఆటే నేర్చుకుంటున్నారు. నీ తర్వాత మిగతా అడుగులు ఎవరికి వస్తాయి?

మేనత్త: ఆ బెంగ నాకూ ఉంది. అందుకే చైత్రంలో మనం చేసుకునే ఇటుకల పండుగ దగ్గరపడుతోందంటే సాయంత్రాలు కూర్చోబెట్టి, లేపి, అన్ని అడుగులూ వేయిస్తాను. వచ్చేది నలుగురే. నీ కూతుర్ని పంపు, ఐదుగురవుతారు.

మేనల్లుడు: దానికి పరీక్షలు అత్తా.

మేనత్త: చూశావా మరి!

మేనల్లుడు: సరే, ఆ మాట ఒప్పుకున్నాను. పండుగ రోజునే రిసార్టు నుంచి పిలుపు వస్తే?

మేనత్త: పండుగ నాడు ఊరు దాటం. మర్నాడైతే, ఎంత ఇస్తారో అడుగుతాను.